తెర వెనకాల మెట్టవలస

ఫొటోల వెనక కట్టడానికి అప్పలసూరి చేసుకున్న మొదటి తెర రెండు పాత పంచెలు. రెండూ అతని తండ్రివి. తండ్రి పోయాక సొంతూరు పద్మనాభం నుంచి తెచ్చుకున్నవి అవే. భార్య తాయారు వాటిని అంచులు కలిపి కుట్టింది. చిక్కటి గంజిలో ముంచి, ఎండలో బిగించి ఆరేశారు. దాని మీద అప్పలసూరి సున్నం, నీలిమందు, లాంతరు మసి కలిపి ఒక రాజభవనం వేశాడు.

రెండు స్తంభాలు. మధ్యలో మెట్లు. పక్కన పూలకుండీ, పైన చందమామ. మెట్లు ఎక్కడికి వెళ్తాయని తాయారు అడిగింది.

"ఎక్కడికీ ఎల్లవు. మెట్లు, అంతే."

"మరేల ఏసినావు?"

"స్టూడియోలో ఉన్నాయి."

ఆ స్టూడియో వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర ఉండేది. యజమాని శ్రీరామ్మూర్తి గారు గోదావరి వైపు మనిషి. అన్నగారికి పోర్టులో ఉద్యోగం వస్తే ఆయన వెంట విశాఖపట్నం వచ్చి స్థిరపడ్డారు. స్టూడియో తెర మద్రాసు నుంచి వచ్చింది. నూనెరంగులు వేసింది. దాని ముందు నిలబడితే పోర్టు కలాసీ కూడా జమీందారులా ఉండేవాడు. అప్పలసూరి అక్కడ ఫొటోలు కడిగాడు, ఆరబెట్టాడు, అంచులు కత్తిరించాడు. కెమెరా మాత్రం ఆయన చాలాకాలం ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోనిచ్చిన రోజున ఒక మాట చెప్పారు.

"ఊరు కనపడకూడదోయ్ సూరీ. మనిషికి ఇల్లు ఇంటి దగ్గర ఉంది కదా. మళ్లీ ఫొటోలో దేనికి? వాడికి లేనిదేదో అది చూపించు."

అప్పలసూరి ఆ మాట నమ్మాడు.

డెబ్బైల మొదట్లో అతను సొంతంగా పని మొదలుపెట్టాడు. గాజువాకలో ఒక గది, దాని వెనక వంటిల్లు. గదిలోకి వెలుతురు వచ్చేది కాదు. జనమూ వచ్చేవారు కాదు. అందుకని తెరను చుట్టి సైకిలుకు కట్టుకుని ఊళ్ల మీద పడ్డాడు.

కెమెరా పోర్టు గేటు దగ్గర కొన్నది. ఓడల్లోంచి దిగిన సామాన్లు అమ్మే మనిషి ఒకడు అక్కడ కూర్చునేవాడు. పైనుంచి తొంగి చూసే కెమెరా. లెన్సులో ఒక మూల బూజు పట్టి ఉంది. ఆ మూలకు వచ్చేటట్టు ఎవరినీ నిలబెట్టేవాడు కాదు. స్టాండు మూడు సరుగుడు కర్రలు. పైన సైకిలు ట్యూబు ముక్కతో బిగించాడు. లైట్లు కొనలేడు. పోర్టులో టీ పెట్టెలు విప్పినప్పుడు లోపల ఉండే వెండిరంగు కాగితం పారేస్తారు. అది తెచ్చి ఒక చేటకు అంటించాడు. ఆ చేటను ఎండకు ఎదురుగా పట్టుకుంటే ముఖం మీది నీడ విడిపోయేది. పట్టుకోవడానికి ఆ చుట్టుపక్కల ఎవరో ఒక ఆడమనిషిని పిలిచేవాడు. చేట పట్టడం ఆమెకు అతను నేర్పక్కర్లేదు.

"ఓలమ్మా, సూరి ఎలుతురు సెరుగుతన్నాడు, సూడండి!" అని నవ్వేవారు.

కోటు పాత గొడుగు గుడ్డతో తాయారు కుట్టింది. ముందు సగమే. వెనక నాడాలు. ఎంత లావు మనిషికైనా సరిపోయేది. వంటింటికి గోనెలు కట్టి, బల్బుకు ఎర్రకాగితం చుట్టి, అన్నం తినే పింగాణీ పళ్లేల్లో ఫొటోలు కడిగేవాడు. ఫొటో పెద్దది చేసే యంత్రం కిరసనాయిలు డబ్బాతో తనే చేసుకున్నాడు.

"నీ బొమ్మలు లెగిస్తేగానీ నా కూర పొయ్యెక్కదు," అనేది తాయారు.

ఇవేవీ ఫొటోలో కనపడేవి కావు. పంచె కనపడదు. చేట కనపడదు. కోటుకు వీపు లేదని కనపడదు. మనిషి, మనిషి వెనక భవనం. అదే అతని గర్వం. ఎప్పటికైనా శ్రీరామ్మూర్తి గారు ఒక ఫొటో చూసి, ఇది ఏ స్టూడియోలో తీశారని అడగాలని అతని కోరిక.

మెట్టవలస ఉక్కు ఫ్యాక్టరీకి పోతున్న ఊరు. కొన్నేళ్లుగా పోతుంది పోతుంది అనుకుంటూనే ఉన్నారు. డెబ్బైల చివర ఒక వేసవిలో ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు ఊళ్లో అందరికీ ఫొటోల మీద మనసు పుట్టింది. సర్కారు ఇచ్చే కాలనీల్లో ఎవరు ఎక్కడ పడతారో తెలియదు. ఒకసారి కలిసి కూర్చుని తీయించుకుందామనుకున్నారు. అప్పలసూరికి కబురు వచ్చింది.

అతను వీధంతా నడిచి చూశాడు. ఇళ్లు చూడలేదు. ఎండ ఎటు పడుతోందో, నీడ ఎంతసేపు నిలుస్తుందో చూశాడు. వీధి మొదట్లో, ఉత్తరం ముఖంగా, ఎదురుగా ఖాళీ ఉన్న ఇల్లు ఒకటి దొరికింది. తవిటమ్మ ఇల్లు. ఆమె ఒంటరి మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. నోరు మాత్రం ఉంది.

"నా అరుగు మీద నీ దుకాణమేటిరా?"

"ఇక్కడ ఎలుతురు బాగుంది పిన్నీ."

"ఎలుతురు నా ఒక్కదాని ఇంటికే ఉందేటి? ఊరందరి మీదా పడతాది."

"ఇక్కడ మెత్తగా పడతాది."

"ఎలుతురు మెత్తగా ఉంటాదట! ఇడ్లీ ఏటి?"

అరుగు మీద ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. అప్పలసూరి చూరుకు వెదురుబొంగు కట్టి తెర దించాడు. తవిటమ్మ గుమ్మం, గోడ, గోడ మీద ఆమె వేసుకున్న ముగ్గులు, అన్నీ ఆ వెనక్కి పోయాయి. ఆ తర్వాత ఆమె ఇంట్లోకి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా భవనాన్ని ఎత్తుకుని దూరవలసి వచ్చేది. ప్రతిసారీ తిట్టేది. నువ్వూ ఒకటి తీయించుకో పిన్నీ అంటే, ఒక్కదానికి ఫొటో ఏటి, పక్కన ఎవులు కూకుంటారు అంది.

ఊరంతా అక్కడికే వచ్చింది. ఒక ఇంటివాళ్లు లేస్తే ఇంకో ఇంటివాళ్లు కూర్చున్నారు. అందరూ అదే కోటు. అందరి వెనకా అవే మెట్లు.

సన్యాసమ్మ, ఆమె భర్త దాలయ్య ఎండ ఎక్కాక వచ్చారు. వాళ్ల ఇల్లు అదే వీధిలో కాస్త లోపలికి. అంతకుముందే అప్పలసూరిని పిలిచి మజ్జిగ ఇచ్చింది ఆ ఇంటి గుమ్మంలోనే. ఆ ఇల్లు దాలయ్య తన చేతులతో కట్టుకున్నది. మట్టి తనే తొక్కాడు, తాటి దూలాలు తనే ఎత్తాడు, ద్వారబంధం తనే చెక్కాడు. పొలం పని మనిషే గానీ చేతిలో ఉలి ఉంటే ఊరుకునేవాడు కాదు.

కోటు వేసుకోనన్నాడు.

"ఏసుకో," అంది సన్యాసమ్మ. "ఊరిడిసి ఎల్తన్నాం. రేపు కొత్త సోట ఎవులైనా ఈ ఫొటో సూస్తే మనల్ని ఏటనుకోవాల?"

"ఎనకాల గుడ్డ లేదే దీనికి!"

"ముందుకి తిరిగి కూకో మరి."

నాడాలు ఆమే కట్టింది. తర్వాత అప్పలసూరి వైపు తిరిగింది. "తమ్ముడా, గోడ కనపడకుండా తియ్యి. పేడ గోడ కనపడిందంటే ఆ ఫొటో నువ్వే ఉంచుకో."

"నా సేతిలో ఎప్పుడైనా గోడ కనపడిందేటి అప్పా?"

అతను తొంగి చూసి మీట నొక్కబోతుండగా సముద్రం వైపు నుంచి గాలి లేచింది. కింది అంచు లేచి తెర గాలిపటంలా పైకి ఎగిరింది. వేలు అప్పటికే నొక్కేసింది. సన్యాసమ్మ తెరను పట్టుకోబోయి పక్కకు తిరిగింది. దాలయ్య మాత్రం నిటారుగా కూర్చునే ఉన్నాడు. తెర వెనక, గుమ్మంలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని తవిటమ్మ నిలబడి ఉంది.

"దేవుడున్నాడురా!" అంది తవిటమ్మ.

ఒక ఫొటో వృథా అయిందని అప్పలసూరి గాలిని తిట్టాడు. తెరకు కింద రాళ్లు కట్టి మళ్లీ తీశాడు. ఈసారి గోడ కనపడలేదు.

లేచేటప్పుడు దాలయ్య కోటు విప్పుతూ అడిగాడు. "మా గుమ్మం కాడ కూడా ఒకటి తియ్యి బావా."

"అక్కడ ఎండ నెత్తి మీదుంది బావా. ముకం నల్లగా వస్తాది."

"నాను నల్లటోణ్ణే గదా."

మళ్లీ అందరూ నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వాడు. దాలయ్య ఇంకోసారి అడగలేదు. వెనక ఇంకో ఇంటివాళ్లు తయారై నిలబడి ఉన్నారు.

ఫొటోలు అందరికీ నచ్చాయి. ఊరు ఖాళీ అయింది. ఇళ్లు పడగొట్టారు. దాన్ని చూడటానికి అప్పలసూరి వెళ్లలేదు. అతనికి అక్కడ ఏం పని?

ఆ తర్వాత అతనికి మంచిరోజులే వచ్చాయి. ఫ్యాక్టరీ కట్టడానికి ఎక్కడెక్కడి నుంచో జనం దిగారు. గేటు పాసుకు ఫొటో కావాలి, కార్డుకు ఫొటో కావాలి. అప్పలసూరి గది ముందు వరసలు కట్టారు. దుకాణంలో దొరికే తెర కొన్నాడు, ఫ్లాష్ కొన్నాడు. పంచెల తెరను తాయారు చింపి వంటింటి మసిగుడ్డలు చేసింది.  శ్రీరామ్మూర్తి గారు ఒక్కసారి కూడా ఆ ఫొటోలు చూడకుండానే స్టూడియో మూసి, గోదావరి వైపు వెళ్లిపోయారు.

ఎనభైల నడుమ ఒక వానాకాలం సన్యాసమ్మ వచ్చింది. సంచిలోంచి అద్దం కట్టిన ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. కోటు, మెట్లు, చందమామ.

"మీ బావకి మతి పోతంది తమ్ముడా," అంది. "సాయంకాలం అయ్యేసరికి కర్ర పట్టుకుంటాడు. 'ఇంటికి ఎల్దాం పద' అంటాడు. ఇదే ఇల్లు అంటే వినడు. ఫ్యాక్టరీ గోడ దాకా ఎల్లిపోతాడు. గేటు కాడోళ్లు మంచోళ్లు, తీసుకొచ్చి దిగబెడతన్నారు. మొన్న రోడ్డు మీద లారీ తగలబోయింది. వారగా పోయింది గానీ, లేపోతే..."



"ఇల్లు ఇక్కడే ఉందని గోడ మీద సూపిత్తే కూకుంటాడేమో అని. మా ఇంటి ఫొటో ఒకటియ్యి."

అప్పలసూరి బల్ల మీద ఉన్న ఫొటో వైపు చూశాడు.

"ఇది సూపించినాను," అంది ఆమె. "'ఎవులిదీ మేడ? మనం ఇక్కడేల కూకున్నాం? లెగు, ఆళ్లొచ్చి తిడతారు' అన్నాడు."

ఆమెకు నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది.

అతను బిస్కెట్ డబ్బాలు దించాడు. సముద్రపు తేమకు చాలా నెగటివ్‌లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడిగా ఉన్నవి ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూశాడు. అన్నింట్లోనూ భవనమే. తెర చాలని చోట, పక్కన, చూరు ముక్క, అరుగు గుంజ ముక్క కనపడుతున్నాయి. కాగితం మీద దించేటప్పుడు నల్లకాగితం అడ్డుపెట్టి కత్తిరించిన ముక్కలవి. అవి కూడా తవిటమ్మ ఇంటివే. ఎవరు కూర్చున్నా అదే గుంజ. ఊరు మొత్తాన్నీ తీశాడు. ఊళ్లో ఒక్క ఇంటి అంచు మాత్రమే అతని దగ్గర ఉంది.

చివర గాలికి తెర లేచిన నెగటివ్ దొరికింది. చెడిపోయినదని అప్పట్లో కాగితం మీద దించలేదు. అందులో అరుగు ఉంది, గోడ ఉంది, ముగ్గులు ఉన్నాయి, గుమ్మం ఉంది. ముందు దాలయ్య, సన్యాసమ్మ. గుమ్మంలో తవిటమ్మ.

మర్నాడు సన్యాసమ్మ మళ్లీ వస్తే చెప్పాడు.

"ఇల్లు ఉన్న ముక్క ఒకటే ఉంది అప్పా. అది తవిటమ్మోలిల్లు."

ఆమె నెగటివ్ అందుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఈదిలో ఇళ్లన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉండీవి గదా," అన్నాడు.

"అవున్లే. నన్నే అమ్మా అని పిలుత్తన్నాడు. ఇంక ఇల్లేటి పోల్చుకుంటాడు?"

"తవిటమ్మ కూడా ఉంది అందులో. గుమ్మంలో."

"అదుంటే పట్టీస్తాడు. తీసెయ్యి."

తవిటమ్మ అప్పటికి లేదు. కాలనీకి వచ్చిన ఏడాదే పోయింది. ఆమె ఫొటో ఏ ఇంటి గోడ మీదా లేదు. ఆ సంగతి అప్పలసూరికి తెలుసు.

నెగటివ్ మీద బ్లేడుతో గీకిన చోటు కాగితం మీద నల్లగా వస్తుంది. గుమ్మం లోపల ఎలాగూ చీకటే. పని సులువు. అతను బ్లేడు మొనతో ముందు ముఖం తీశాడు. తర్వాత నడుం మీది చెయ్యి. తర్వాత చీర. శ్రీరామ్మూర్తి గారి దగ్గర మొటిమలు, మచ్చలు తీయడం నేర్చుకున్నాడు. మనిషిని తీయడం అదే మొదలు.  సాయంత్రానికి పెద్ద ఫొటో దించి చూసుకుంటే ఖాళీ గుమ్మం, చీకటి. ఎగిరిన తెర పైన పందిరిలా ఉంది. దాన్ని ఉండనిచ్చాడు.

అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. గీకకముందు ఆమె ఉండగా ఒకటి దించి ఉండవలసింది. చిన్నదైనా. ఒక్క కాగితం ముక్క. ఆ వీధిలో తెర వెనక నిలబడి తన ఇంటిని కాచుకున్నది ఆమె ఒక్కతే. సన్యాసమ్మకు ఫొటో త్వరగా ఇవ్వాలన్న తొందరలో అది తట్టలేదు.

మర్నాడు ఫొటోకు అద్దం కట్టించి కాలనీకి తనే తీసుకువెళ్లాడు. దాలయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. సన్యాసమ్మ గోడకు మేకు కొట్టి, ఫొటో తగిలించి, ఆయన్ను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది.

"ఇదిగో మన ఇల్లు. సూడు, నువ్వు, నాను. ఇంకెక్కడికీ ఎల్లక్కర్లేదు."

దాలయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. ముఖం విప్పారింది. సన్యాసమ్మ అప్పలసూరి వైపు తిరిగి తల ఊపింది.

"తవిటమ్మోలిల్లు," అన్నాడు దాలయ్య.

"కాదు, మనదే."

"తవిటమ్మేదీ?"

సన్యాసమ్మ అప్పలసూరి వైపు చూసింది.

"ఎప్పుడూ గుమ్మంలోనే గదా ఉంటాది? అరుగు మీద కూకున్నామని తిడతాది గదా? ఏదీ?" నల్లటి గుమ్మం మీద వేలు పెట్టి, మనిషి కోసం వెతికినట్టు అటూ ఇటూ కదిపాడు.

"లోపలుంది," అంది సన్యాసమ్మ మెల్లగా. "వంట సేసుకుంటంది."

ఆ జవాబుకు ఆయన తృప్తిపడ్డాడు. వేలు ఫొటో మీద నుంచి పక్కకు జరిపాడు. అద్దం అంచు దాటింది. చట్రం దాటింది. గోడ మీద, సున్నం మీద ఆగింది.

"మాది ఇక్కడ," అన్నాడు. "తవిటమ్మోలింటి దాకా వచ్చీసినాం. ఇంకెంత దూరం?"

మంచం కోళ్ల దగ్గర కర్ర ఉంది. తీసుకున్నాడు. ఇన్నాళ్లూ ఎటు వెళ్లాలో తెలియక తడుముకుంటూ వెళ్లేవాడట. ఆ రోజు తడుముకోలేదు.

"నువ్వుండు అప్పా, నానెల్తాను," అన్నాడు అప్పలసూరి. చెప్పులు వేసుకుని వెనకే వెళ్లాడు.

వాన వెలిసింది. ఫ్యాక్టరీ రోడ్డు మీద లారీలు బురద చిమ్ముతూ పోతున్నాయి. అప్పలసూరి రోడ్డు వైపుకు మారి దాలయ్య చెయ్యి పట్టుకున్నాడు. దాలయ్య పట్టుకోనిచ్చాడు. దూరంగా గోడ కనపడుతోంది. బూడిదరంగు, చివర లేదు.

"ఏ ఊరు నీది?" అన్నాడు దాలయ్య.

"పద్మనాభం బావా. మీ ఊరు ఫొటోలకొచ్చీవోణ్ణి."

"మా ఊరు సూసినావా?"

"సూసినాను."

"మా ఇల్లు?"

అప్పలసూరి గుర్తు చేసుకోబోయాడు. ఆ వేసవిలో ఎన్ని రోజులు ఆ వీధిలో తిరిగాడు! ఆ గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగాడు. చల్లగా ఉంది మజ్జిగ. చేతిలో చెంబు. నెత్తి మీద ఎండ. నీడ పాదాల కిందికి పోయింది, ఇక్కడ పని జరగదు అనుకున్నాడు. అంతవరకే వచ్చింది. ఆ వెనక ఏముందో రాలేదు.

"సూసినాను బావా. బాగుంటాది."

"గుమ్మం మీద నాను సెక్కిన బొమ్మ సూసినావా?"

"సూసినాను."

"ఏటి బొమ్మ?"

ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. దాలయ్య ఆగి అతని ముఖంలోకి చూస్తున్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి.

"పువ్వు," అన్నాడు అప్పలసూరి.

దాలయ్య చెయ్యి విడిపించుకున్నాడు. కర్ర ఊతంగా ముందుకు కదిలాడు. అప్పలసూరి మళ్లీ పట్టుకోలేదు. ఒక అడుగు వెనకగా, లారీలు వచ్చే వైపున, నడుస్తూ ఉన్నాడు.